ఆ కోటలో దయ్యాలు లేవు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

రెండు రోజులుగా ఇక్కడ ఆస్తి హక్కు గురించీ, ఇంట్లో జరిగే హింస గురించీ, కోర్టుల చుట్టూ తిరిగే ఆడవాళ్ల గురించీ మాట్లాడుకుంటున్నాం. మధ్యలో ఒక గంట సాహిత్యానికి కేటాయించి నన్ను మాట్లాడమన్నారు. ఏ విషయం మీద అని అడిగితే "మీ ఇష్టం మేడమ్, కాకపోతే మాకు పనికొచ్చేదై ఉండాలి" అన్నారు. ఆ షరతు నాకు నచ్చింది. అందుకే రెండు వందల ఏళ్ల కిందటి ఒక ఇంగ్లీషు నవలా రచయిత్రి గురించి చెబుదామని వచ్చాను. ఆమె పేరు ఆన్ రాడ్‌క్లిఫ్. పాడుబడ్డ కోటలు, చీకటి మెట్లు, తలుపు వెనక అడుగుల చప్పుడు, ఇవీ ఆమె రాసిన కథలు. ఇవి మనకెందుకు పనికొస్తాయని మీకు అనుమానం రావచ్చు. గంట తర్వాత మీరే చెప్పండి.

ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను చాలా ఏళ్లు కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం బోధించాను. రొమాంటిక్ యుగం అంటే మా సిలబస్‌లో ఆరుగురు కవులు. బ్లేక్, వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్, బైరన్, షెల్లీ, కీట్స్. ఆరుగురూ మగవాళ్లే. ఆ యుగంలో ఆడవాళ్లు రాయలేదా అని నా విద్యార్థినులు అడగలేదు, నేనూ అడుక్కోలేదు. ఆన్ రాడ్‌క్లిఫ్ పేరు ఒకే ఒక్కచోట వచ్చేది. జేన్ ఆస్టెన్ నవల చెప్పేటప్పుడు, "ఇదిగో, ఇలాంటి పిచ్చి నవలల్ని ఆస్టెన్ వెక్కిరించింది" అని ఒక వాక్యం చెప్పి ముందుకు వెళ్లిపోయేదాన్ని. ఆ వెక్కిరింతే నాకు తెలుసు తప్ప, వెక్కిరించిన పుస్తకాన్ని నేను చదవలేదు.

రిటైరయ్యాక ఒక మహిళా సహాయ కేంద్రంలో వారానికి మూడు రోజులు కూర్చోవడం మొదలుపెట్టాను. అక్కడికి ఒకామె వచ్చింది. తండ్రి పోయి ఏడాది. అన్నలు పసుపు కుంకుమ కింద ఒక చీరా, కొంత డబ్బూ పెట్టి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం చెయ్యమన్నారు. చెయ్యనంది. అప్పటినుంచి పుట్టింటి గుమ్మం మూసుకుపోయింది. అత్తింట్లోనేమో "నీ వాటా తెచ్చి మా అబ్బాయి పేర పెట్టు" అని వేధింపు. ఆమె ఒక మాటంది: "మేడమ్, రెండిళ్లల్లోనూ నేను అవసరం లేదు, నా సంతకం కావాలి." ఆ రాత్రి ఎందుకో రాడ్‌క్లిఫ్ నవల 'ద మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో' తీసి చదవడం మొదలుపెట్టాను. దయ్యాల కథ అనుకుని తీశాను. అందులో ఉన్నది ఆమె కథే.

రాడ్‌క్లిఫ్ జీవితం పెద్ద సంఘటనలున్న జీవితం కాదు. 1764 జులైలో లండన్‌లో పుట్టింది. పుట్టింటి పేరు ఆన్ వార్డ్. ఒక్కతే కూతురు. తండ్రి సూదులు, దారాలు, రిబ్బన్లు అమ్మే చిన్న వ్యాపారి. తర్వాత బాత్ అనే ఊళ్లో వెడ్జ్‌వుడ్ పింగాణీ సామాన్ల దుకాణం చూసుకోవడానికి వెళ్లాడు. 1787లో, 22 ఏళ్ల వయసులో, ఆమె విలియం రాడ్‌క్లిఫ్ అనే పత్రికా రచయితను పెళ్లి చేసుకుంది. ఆయన సాయంత్రాలు పత్రికాఫీసులో గడిపి రాత్రి బాగా పొద్దుపోయి ఇంటికి వచ్చేవాడు. పిల్లలు లేరు. ఆ ఒంటరి సాయంత్రాల్లో చలిమంట పక్కన కూర్చుని ఆమె రాసుకుంది.

1789లో మొదటి నవల, 1790లో రెండోది. రెండూ పేరు లేకుండానే అచ్చయ్యాయి. 1791లో వచ్చిన 'ద రొమాన్స్ ఆఫ్ ద ఫారెస్ట్' బాగా అమ్ముడుపోయాక, రెండో ముద్రణ మీద మొదటిసారి ఆమె పేరు కనిపించింది. 1794లో నాలుగు సంపుటాల 'ఉడాల్ఫో'. 1797లో 'ది ఇటాలియన్'. అంతే. ఎనిమిదేళ్లలో ఐదు నవలలు, మధ్యలో 1795లో ఒక యాత్రా గ్రంథం. ఆ తర్వాత 1823లో చనిపోయేదాకా మరో నవల అచ్చు వెయ్యలేదు. ఆరో నవల 'గాస్టన్ డి బ్లాండెవిల్' ఆమె పోయాక 1826లో వచ్చింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సాహిత్య చరిత్రలో ఆడవాళ్ల సంపాదన గురించి మనం మాట్లాడుకోం. 'ఉడాల్ఫో'కు ప్రచురణకర్తలు 500 పౌండ్లిచ్చారు. 'ది ఇటాలియన్'కు 800. అవి ఎంత పెద్ద మొత్తాలో తెలియాలంటే ఒక పోలిక చాలు. 1803లో జేన్ ఆస్టెన్ తన నవల రాతప్రతి ఒకదాన్ని ఒక ప్రచురణకర్తకు అమ్మితే వచ్చింది 10 పౌండ్లు. అంటే రాడ్‌క్లిఫ్ తన కాలంలో కలంతో అంత సంపాదించగలిగిన అరుదైన మనిషి.

అయితే ఆ డబ్బు చట్టం దృష్టిలో ఎవరిది? ఇక్కడ కాస్త ఆగుదాం. అప్పటి ఇంగ్లండు చట్టంలో పెళ్లయిన స్త్రీకి విడిగా అస్తిత్వం లేదు. భార్యాభర్తలు చట్టానికి ఒకే వ్యక్తి, ఆ ఒక్క వ్యక్తీ భర్తే. ఆమె సంపాదన, నగలు, చేతిలో డబ్బు అన్నీ భర్తవి. పిల్లల మీద హక్కూ అతనిదే. విలియం మంచివాడే, భార్య రచనను ప్రోత్సహించాడు. కానీ మొగుడు మంచివాడు కావడం అదృష్టమే తప్ప హక్కు కాదు కదా. పెళ్లయిన స్త్రీ తన సంపాదనను తనదిగా దాచుకునే హక్కు ఇంగ్లండులో 1870 చట్టంతో మొదలై 1882 చట్టంతో గట్టిపడింది. అప్పటికి రాడ్‌క్లిఫ్ పోయి అరవై ఏళ్లు కావస్తోంది.

ఇప్పుడు గోథిక్ నవల అంటే ఏమిటో చెప్పుకుందాం. ఈ తరహాకు నాంది పలికింది హొరేస్ వాల్పోల్ రాసిన 'ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'. అది 1764 డిసెంబరులో, అంటే రాడ్‌క్లిఫ్ పుట్టిన ఏడాదే వచ్చింది. పాత కోట, దుర్మార్గుడైన దొర, వంశ రహస్యం, పారిపోయే అమ్మాయి, దయ్యం. వాల్పోల్ కథలో దయ్యాలు నిజంగానే దయ్యాలు. రాడ్‌క్లిఫ్ ఈ సరంజామా అంతా తీసుకుంది, కానీ ఒక పెద్ద మార్పు చేసింది. తన జీవితకాలంలో అచ్చయిన నవలల్లో ఏ దయ్యమూ చివరిదాకా దయ్యంగా నిలవదు. గాలిలో వినిపించిన పాటకు ఒక మనిషి గొంతు ఉంటుంది. చీకట్లో కదిలిన దీపం వెనక ఒక చెయ్యి ఉంటుంది. విమర్శకులకు ఇది నచ్చలేదు. ఇన్ని పేజీలు భయపెట్టి చివరికి తుస్సుమనిపించావన్నారు. వాల్టర్ స్కాట్ అంతటివాడు కూడా ఆ లోపాన్ని ఎత్తిచూపాడు.

నేను ఒప్పుకోను. దయ్యం అబద్ధమని తేలాక ఆ స్థానంలో ఏం తేలిందో చూడాలి. అసలు సంగతంతా అక్కడే ఉంది.

రెండో నవల 'ఎ సిసిలియన్ రొమాన్స్' తీసుకోండి. ఒక దొర కోటలో సగం భాగం తాళం వేసి ఉంటుంది. రాత్రిపూట అక్కడ దీపం కదులుతుంది, మూలుగులు వినిపిస్తాయి. దయ్యం తిరుగుతోందని నౌకర్లు భయపడతారు. దొర కూతురు జూలియాకు తల్లి లేదు, చిన్నప్పుడే పోయిందని చెప్పారు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. జూలియాను కూడా ఇష్టంలేని పెళ్లి చేసుకొమ్మని బలవంతపెడతాడు. ఆమె పారిపోతుంది. తిరిగి తిరిగి చివరికి ఒక నేలమాళిగ తలుపు తెరిస్తే, లోపల ఉన్నది తల్లి. మరో పెళ్లి చేసుకోవడానికి భార్య చచ్చిపోయిందని ప్రకటించి, ఏళ్ల తరబడి సొంత ఇంట్లోనే ఆమెను బంధించి ఉంచాడు ఆ పెద్దమనిషి. ఊరంతా దయ్యం అనుకున్నది బతికున్న ఆడమనిషిని. తల్లిని పోగొట్టుకున్నాననుకున్న కూతురు అదే కప్పు కింద ఆ మూలుగులు వింటూ పెరిగింది.

ఈ ఘట్టం చదివాక నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. మన దగ్గరికొచ్చే కేసుల్లో "ఆ ఇంట్లో ఏదో జరుగుతోందని మాకు తెలుసండీ, కానీ ఎవరూ అడగలేదు" అనే ఇరుగుపొరుగువాళ్లు మీకు గుర్తురావడం లేదా?

ఇక 'ఉడాల్ఫో'. కథ 1584లో ఫ్రాన్స్‌లో మొదలవుతుంది. ఎమిలీ తల్లిదండ్రుల ప్రేమలో, పుస్తకాల మధ్య, కొండల మధ్య పెరిగిన పిల్ల. ముందు తల్లి, తర్వాత తండ్రి పోతారు. ఆమె మేనత్త సంరక్షణలోకి వెళ్తుంది. ఆ మేనత్త డబ్బూ దర్పమూ ఉన్న వితంతువు, పిల్లను మాటలతో సాధిస్తుంది. ఆమె మోంటోనీ అనే ఇటలీ దొరను పెళ్లాడుతుంది. అతను ఆమె ఆస్తి చూసి చేసుకున్నాడు, ఆమె అతని హోదా చూసి చేసుకుంది. ఇద్దరూ మోసపోయారు. అప్పుల్లో ఉన్న మోంటోనీ భార్యనూ, మేనకోడలినీ కొండల్లో ఉన్న ఉడాల్ఫో కోటకు తీసుకుపోతాడు.

ఎమిలీకి ఇచ్చిన గదికి రెండో తలుపు ఒకటి ఉంటుంది. అది ఎక్కడికో దిగే ఇరుకు మెట్ల మీదికి తెరుచుకుంటుంది. ఆ తలుపుకు గది లోపలి వైపు గడియ లేదు. బయటి వైపు మాత్రం రెండున్నాయి. ఎంత చిన్న వివరమో చూడండి. ఆ గదిలో పడుకున్న ఆడపిల్ల తలుపు వేసుకోలేదు, బయటివాడు మాత్రం వేయగలడు, తీయగలడు. ఆమె రాత్రంతా కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. దీనికంటే భయంకరమైన దయ్యాన్ని ఎవరు సృష్టించగలరు?

ఈ నవలలో అందరికీ గుర్తుండేది నల్ల తెర. కోటలో ఒక గదిలో నల్ల గుడ్డ కప్పిన చట్రం ఉంటుంది. ఎమిలీ ఆ తెర తొలగించి చూసి స్పృహ తప్పుతుంది. ఏం చూసిందో రచయిత్రి చెప్పదు. వందల పేజీల తర్వాత, నాలుగో సంపుటం చివర్లో తెలుస్తుంది, అది కుళ్లిన శవంలా చేసిన మైనపు బొమ్మ అని. పాఠకులు ఆ తెర గురించే తలలు పగలగొట్టుకున్నారు. కానీ ఆ తెర మన కళ్లముందు వేలాడుతుండగా కోటలో నిజంగా జరుగుతున్నదేమిటి? ఒక భర్త భార్యను కాగితాల మీద సంతకం చెయ్యమని అడుగుతున్నాడు. ఫ్రాన్స్‌లో ఉన్న ఆమె భూములు తనకు రాసివ్వాలి. ఆమె చెయ్యనంటుంది. బుజ్జగిస్తాడు, బెదిరిస్తాడు, చివరికి బురుజులో బంధిస్తాడు. అక్కడే జబ్బుపడి చనిపోతుంది. దయ్యాల నవల అని పేరుపడ్డ పుస్తకంలో జరిగే అసలు చావు ఇది. దీని గురించి మాత్రం ఎవరూ తలలు పగలగొట్టుకోలేదు.

ఇక్కడ మీ వృత్తికి సంబంధించిన ఒక విషయముంది. మేనత్త బతికుండగా ఎమిలీ ఆమెకు ఏం సలహా ఇచ్చింది? ఇచ్చెయ్యమంది. ప్రాణం దక్కితే చాలు, సంతకం పెట్టెయ్యి అంది. మనమూ కొన్నిసార్లు ఇదే చెబుతాం. మేనత్త మాత్రం వినలేదు. ఆమె మంచి మనిషి కాదు. గర్విష్ఠి, నోటి దురుసు, అన్న కూతురిని ఏడిపించింది. అయినా హక్కు మంచివాళ్లకే కాదు కదా ఉండేది. నచ్చని స్త్రీ పక్షాన కూడా నిలబడాలని ఈ నవల నాకు నేర్పింది.

మేనత్త సంతకం పెట్టకుండా పోయింది కాబట్టి భూములు ఎమిలీకి సంక్రమిస్తాయి. ఇప్పుడు మోంటోనీ ఎమిలీని పిలుస్తాడు. అవి చట్టప్రకారం తనవేనని నమ్మించబోతాడు. ఈ పద్దెనిమిదో శతాబ్దపు సుకుమారి, మాటకు ముందు కన్నీళ్లు పెట్టుకునే పిల్ల, అప్పుడు స్పష్టంగా చెబుతుంది. ఈ విషయంలో చట్టమేమిటో తనకు తెలుసుననీ, ఎవరో చెప్పినంత మాత్రాన మోసపోననీ, తన చేతితో తన హక్కు వదులుకోననీ అంటుంది. ఆ తర్వాత ఏం జరుగుతుంది? చుట్టూ తాగుబోతు సైనికులున్న ఆ కోటలో, తనకు రక్షణ ఉండదని బెదిరించాక, ఇంటికి పంపిస్తానని మాట తీసుకుని, చివరికి సంతకం పెడుతుంది. అతను మాట తప్పుతాడు. ఆమె తర్వాత పారిపోయి బయటపడుతుంది.

దస్తావేజు మీద చూస్తే ఎమిలీ ఇష్టపూర్వకంగా రాసిచ్చినట్టే ఉంటుంది. "ఎవరి బలవంతమూ లేకుండా" అనే ఆ వాక్యం మనకెంత బాగా తెలుసో! ఆ వాక్యం వెనక ఏముందో చూపించడానికి రాడ్‌క్లిఫ్ నాలుగు సంపుటాలు రాసింది.

ఒక ప్రశ్న రావచ్చు. భార్య సొత్తంతా భర్తదే అయినప్పుడు మోంటోనీకి ఆమె సంతకం ఎందుకు? కథ ఇటలీలో పెట్టినా పాఠకులు చదివింది ఇంగ్లండు చట్టం నీడలోనే. అక్కడ డబ్బు, సామాను భర్త సొంతం. భూమి మీద వచ్చే ఆదాయం కూడా అతని చేతిలోనే. కానీ భార్య భూమిని అమ్మేయాలంటే మాత్రం ఆమె ఒప్పుకోవాలి. న్యాయమూర్తి ఆమెను భర్త లేకుండా విడిగా పిలిచి, నీ ఇష్టంతోనే ఒప్పుకుంటున్నావా అని అడగాలి. ఇంకా, పుట్టింటివాళ్లు తెలివైనవాళ్లయితే పెళ్లికి ముందే దస్తావేజులు రాయించి కొంత ఆస్తిని ఆమె పేర విడిగా కాపాడుకునే వీలుండేది. అంటే చట్టం స్త్రీ నుంచి అన్నీ లాక్కుని ఒక్క సంతకం మాత్రం మిగిల్చింది. అందుకే హింస అంతా ఆ సంతకం చుట్టూ పోగైంది.

ఇది కల్పన అనుకోకండి. రాడ్‌క్లిఫ్ మొదటి నవలకు కొద్ది ఏళ్ల ముందే ఇంగ్లండంతా ఒక కేసు గురించి మాట్లాడుకుంది. మేరీ ఎలినార్ బోస్ బొగ్గుగనుల సంపద ఉన్నామె, స్ట్రాత్‌మోర్ ప్రభు కుటుంబపు వితంతువు. 1777లో ఆండ్రూ స్టోనీ అనే సైనికాధికారిని పెళ్లి చేసుకుంది. పెళ్లికి ముందే తన ఆస్తిని కాపాడుకునే పత్రం రాయించుకుంది. పెళ్లయిన కొద్ది నెలలకే ఆ పత్రాన్ని రద్దు చేస్తూ ఆమెతో బలవంతంగా సంతకం చేయించాడు. ఎనిమిదేళ్లు కొట్టాడు, తిండి మాడ్చాడు, ఇంట్లో కట్టడి చేశాడు. 1785లో పనిమనుషుల సాయంతో తప్పించుకుని కోర్టుకెక్కింది. 1786 నవంబరులో పట్టపగలు లండన్ వీధిలో ఆమెను మనుషుల్ని పెట్టి ఎత్తుకుపోయాడు, విడాకుల దావా ఉపసంహరించుకొమ్మని. ఆమె లొంగలేదు. అతను జైలుకెళ్లాడు. ఆమెకు విడాకులొచ్చాయి, బలవంతపు సంతకం చెల్లదని న్యాయస్థానాలు తేల్చాయి. అంత సంపన్నురాలి గతే అదైతే మిగతా వాళ్ల సంగతి ఊహించుకోండి. రాడ్‌క్లిఫ్ పాఠకులకు మోంటోనీలు కొత్తవాళ్లు కారు.

'ది ఇటాలియన్'లో నాయిక ఎలెనా అనాథ, పేదరాలు. పట్టుబట్టల మీద కుట్టుపని చేసి దగ్గరి మఠంలోని సన్యాసినుల ద్వారా అమ్ముకుంటుంది. తనను పోషించుకోవడానికి, ముసలి పెద్దమ్మను చూసుకోవడానికి. ఒక గొప్పింటి అబ్బాయి ఆమెను ప్రేమిస్తాడు. అతని తల్లి, షెడోనీ అనే సన్యాసితో కలిసి, ఎలెనాను ఎత్తుకుపోయి మఠంలో బంధింపజేస్తుంది. సన్యాసం పుచ్చుకో, లేదా మేం చెప్పినవాణ్ణి పెళ్లి చేసుకో, రెండే దారులు. ఎలెనా మూడోది అడుగుతుంది, రెండూ వద్దనే హక్కు. తన పనికి తాను సిగ్గుపడకూడదని ఆమె తనకు తాను చెప్పుకునే మాటలు ఆ కాలపు నాయికకు చిన్న సంగతి కాదు.

రాడ్‌క్లిఫ్ భయం గురించి ఒక ఆలోచన రాసి పెట్టింది. ఆమె చనిపోయాక 1826లో ఒక వ్యాసంగా వచ్చింది. భయంలో రెండు రకాలున్నాయంటుంది. ఒకటి మనసును విప్పార్చి ఇంద్రియాలన్నిటినీ మేల్కొలిపేది. రెండోది మనసును ముడుచుకుపోయేలా, గడ్డకట్టేలా చేసేది. మొదటిది అస్పష్టత వల్ల పుడుతుంది, రెండోది బీభత్సాన్ని కళ్లకు కట్టడం వల్ల. తేడా తెలియాలంటే 'ఉడాల్ఫో' చదివి ఉత్సాహపడి మాథ్యూ లూయిస్ అనే యువకుడు 1796లో అచ్చు వేసిన 'ద మంక్' చూడాలి. అందులో స్త్రీ దేహం మీద అత్యాచారం, హత్య పచ్చిగా వర్ణించి ఉంటాయి. అతని నవలలో స్త్రీ భయానికి వస్తువు. రాడ్‌క్లిఫ్ నవలలో స్త్రీ భయాన్ని అనుభవించే మనిషి, భయపడుతూనే ఆలోచించే మనిషి. 'ది ఇటాలియన్' లూయిస్‌కు ఆమె ఇచ్చిన జవాబని చాలామంది అభిప్రాయం. హింస గురించి కరపత్రాలు, నాటికలు తయారుచేసే మనం ఈ తేడా గుర్తుంచుకోవాలి. చూసేవాళ్లను గడ్డకట్టించడమా, మేల్కొలపడమా?

ఇక రొమాంటిక్ యుగంలో ఆమె చోటు. ఆ యుగం 1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్‌ల 'లిరికల్ బాలడ్స్'తో మొదలైందని పాఠాల్లో చెప్పాను. కానీ కొండల ముందు, తుపాను ముందు, శిథిలాల ముందు ఒంటరిగా నిలబడి తన మనసును తాను చూసుకునే మనిషిని అంతకు ముందే లక్షణంగా చిత్రించింది రాడ్‌క్లిఫ్. నవలల మధ్యలో కవితలు కూర్చింది. ఎమిలీ కోట కిటికీలోంచి పర్వతాలను చూసి ధైర్యం తెచ్చుకుంటుంది. విచిత్రమేమిటంటే, ఆ ఇటలీని రాడ్‌క్లిఫ్ ఎప్పుడూ చూడలేదు. చిత్రకారుల పటాలు, యాత్రికుల పుస్తకాలు చూసి రాసింది. జీవితంలో ఒక్కసారి, 1794లో, భర్తతో హాలండ్, జర్మనీ వెళ్లి, స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా పోయి వెనక్కి రావలసి వచ్చింది.

ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లెవరు? షెల్లీ కుర్రవాడుగా ఉన్నప్పుడు గోథిక్ నవలలే రాశాడు. బైరన్ కావ్యాల్లోని ఆ చీకటి ముఖపు నాయకుడి వెనక షెడోనీ నీడ ఉందని విమర్శకులు చెబుతారు. కీట్స్ ఉత్తరాల్లో ఆమెను సరదాగా 'తల్లి' అని పిలిచాడు. అదే వర్డ్స్‌వర్త్ 1800లో తన ముందుమాటలో వెర్రి నవలలు జనం అభిరుచిని పాడుచేస్తున్నాయని విసుక్కున్నాడు. తల్లి అనడం, వెర్రి అనడం రెండూ జరిగాయి. పేరు మాత్రం జాబితాలోకి రాలేదు. వచనం రాసింది, ఎక్కువమంది చదివారు, చదివినవాళ్లలో ఆడవాళ్లెక్కువ, పైగా డబ్బు సంపాదించింది. ఇవన్నీ నేరాలే అయ్యాయి.

ఆ జాబితానే మన దగ్గరికీ వచ్చింది. రాయప్రోలు, కృష్ణశాస్త్రి తరం భావకవులు వర్డ్స్‌వర్త్‌నూ, షెల్లీనీ, కీట్స్‌నూ ప్రేమగా చదువుకున్నారు. కృష్ణశాస్త్రిని ఆంధ్రా షెల్లీ అని మురిపెంగా పిలుచుకున్నాం. కొడుకులు మన భాషలోకి వచ్చారు, కీట్స్ తల్లి అన్నామె రాలేదు. మన భావకవిత్వంలో స్త్రీ ఊహాసుందరిగా ఉండిపోవడానికి ఇదొక్కటే కారణమని అనను. కానీ కోటలో బంధించి ఉన్న స్త్రీ వైపు నుంచి ఆ యుగం ఎలా కనిపిస్తుందో మనకెవరూ చెప్పలేదన్నది నిజం.

ఆమె రాసిన ఏళ్లు ఫ్రెంచి విప్లవపు ఏళ్లు. కోటలు కూలుతున్న కాలం. 1797లో ఒక వ్యంగ్య రచన ఇలాంటి నవలలను "టెర్రరిస్టు" నవలలని పిలిచింది. రాడ్‌క్లిఫ్ విప్లవకారిణి కాదు. ఆ పని చేసింది మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్. 1792లో స్త్రీల హక్కుల సమర్థన రాసిన ఆమె, చనిపోయేనాటికి మరో నవల రాస్తోంది. 1798లో అసంపూర్తిగానే అచ్చయింది. అందులో నాయిక మరియాను భర్త ఆస్తి కోసం పిచ్చాసుపత్రిలో వేయిస్తాడు. పసిబిడ్డను లాక్కుంటాడు. కథలు కల్పించే దయ్యాల కోటలు ఈ ఇంటిముందు ఎంత అనే భావంతో ఆ నవల మొదలవుతుంది. రాడ్‌క్లిఫ్ దూరదేశంలో, పాతకాలంలో పెట్టిన కోటను వుల్‌స్టన్‌క్రాఫ్ట్ లండన్ వీధిలోకి తెచ్చింది. ఇద్దరినీ కలిపి చదివితేనే కథ పూర్తవుతుంది.

1797 తర్వాత రాడ్‌క్లిఫ్ మౌనం వహించింది. తల్లిదండ్రుల ఆస్తి దక్కింది కాబట్టి డబ్బు కోసం రాయనక్కర్లేకపోయింది. భర్తతో ఇంగ్లండులో తిరిగింది, దినచర్య రాసుకుంది, పాటలు విన్నది. ఉబ్బసం బాధించేది. కానీ లోకం ఊరుకుంటుందా? రాసే ఆడది రాయడం మానేసిందంటే ఏదో అయి ఉండాలి. భయంకర కథలు రాసి రాసి పిచ్చెక్కిందన్నారు. ఆసుపత్రిలో పెట్టారన్నారు. చనిపోయిందని బతికుండగానే రాశారు. చివరికి ఆమె పోయాక వచ్చిన జీవిత కథనంలో, ఆమెకు మతి చలించలేదని వైద్యుడి మాట కూడా జతచెయ్యవలసి వచ్చింది. బతికున్న భార్యను చనిపోయిందని ప్రకటించిన దొర కథ ఆమె 1790లోనే రాసింది. అదే ఆమెకూ జరిగింది.

ఇంకో చిత్రమైన పొరపాటు కూడా జరిగింది. 1799లో 'ద ఫీమేల్ అడ్వకేట్' అనే పుస్తకం వచ్చింది. ఆడవాళ్లు బతికే చిన్న వ్యాపారాలను, కుట్టుపని దుకాణాలను మగవాళ్లు ఆక్రమించి వాళ్లను వీధిపాలు చేస్తున్నారని వాదించిన పుస్తకమది. రాసినామె మేరీ ఆన్ రాడ్‌క్లిఫ్, వేరే మనిషి. ఇద్దరినీ ఒకరే అనుకుని చాలామంది కలిపేశారు. ఇద్దరి జీవితాల మీదా అంత కొద్ది శ్రద్ధ. 1883లో కవయిత్రి క్రిస్టినా రోసెట్టి ఆన్ రాడ్‌క్లిఫ్ జీవితచరిత్ర రాయబోయి, ఆధారాలు దొరక్క మానుకుంది.

నేను క్లాసులో చెప్పిన ఆస్టెన్ వెక్కిరింతకు వద్దాం. 'నార్తాంగర్ ఆబీ' ఆస్టెన్ పోయాక 1817 చివర్లో వచ్చింది. అందులో కాథరిన్ అనే అమ్మాయి 'ఉడాల్ఫో' చదివి, తాను అతిథిగా వెళ్లిన ఇంటి యజమాని జనరల్ భార్యను చంపాడేమోనని అనుమానిస్తుంది. పాత బీరువాలో రహస్య పత్రం దొరికిందనుకుంటే అది చాకలి పద్దు. నవ్వొస్తుంది, నవ్వాల్సిందే. కానీ చివర ఏమవుతుంది? ఆ అమ్మాయికి ఆస్తి లేదని తెలియగానే జనరల్ ఆమెను తెల్లారేసరికి తోడు లేకుండా ఇంట్లోంచి వెళ్లగొడతాడు. జనరల్ హంతకుడు కాడు. కానీ డబ్బును బట్టి మనిషిని కొలిచే మోంటోనీయే. కాథరిన్ పూర్తిగా పొరబడలేదు. ఆస్టెన్‌కు ఆ సంగతి తెలుసు. అది తెలియనిది నాకే.

రాడ్‌క్లిఫ్ లోపాలు దాచను. ఆమె నాయికలు అందరూ చివరికి మంచి కుటుంబాల బిడ్డలని తేలుతారు. పెళ్లితో, వారసత్వంతో కథ ముగుస్తుంది. కాథలిక్కు మఠాలంటే ఇంగ్లీషు ప్రొటెస్టెంట్ల దురభిప్రాయమే ఆమెదీను. పనిమనుషులు వాగుడుకాయలు, మూఢనమ్మకాలవాళ్లు, నవ్వించడానికి వస్తారు. అయినా ఒకటి గమనించండి. కోట రహస్యాలు ముందుగా ఎమిలీ చెవిన వేసేది పనిపిల్ల అనెట్. ఎమిలీ పారిపోగలిగింది తోటి ఖైదీ ఒకతనితోపాటు ఆ పనివాళ్ల సాయంతోనే. స్ట్రాత్‌మోర్ వితంతువు తప్పించుకున్నదీ పనివాళ్ల సాయంతోనే.

1976లో ఎలెన్ మోయర్స్ అనే అమెరికన్ విమర్శకురాలు తన పుస్తకంలో ఈ సంప్రదాయానికి 'ఫీమేల్ గోథిక్' అని పేరుపెట్టింది. రాడ్‌క్లిఫ్ నుంచి మేరీ షెల్లీ దాకా, బ్రాంటీ అక్కచెల్లెళ్ల దాకా ఒక దారి కనిపించడం మొదలైంది. 'జేన్ ఐర్' అటకమీద బంధించిన భార్య, సిసిలీ కోటలో బంధించిన తల్లి, వీళ్లు ఒక కుటుంబమే.

మిత్రులారా, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి, దేశమంతటా 2005 నుంచి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కుందని చట్టం చెబుతోంది. చట్టం వచ్చింది కాబట్టే ఇప్పుడు కూతురి సంతకానికి విలువ వచ్చింది. విలువ వచ్చింది కాబట్టే దానికోసం బుజ్జగింపు, బెదిరింపు, మూసుకున్న గుమ్మం. ఎవరైనా "ఆమె ఇష్టపడే రాసిచ్చింది" అన్నప్పుడు మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆమె ఉన్న గదికి గడియ ఏ వైపు ఉంది?

నేను చెప్పిన ఆమె సంగతి మీరడుగుతారని తెలుసు. ఆమె ఇంకా సంతకం పెట్టలేదు. దావా నడుస్తోంది. వాయిదాల రోజున ఆమెతో ఎవరో ఒకరం వెళ్తున్నాం. ఎమిలీకి అలాంటి తోడు దొరకడానికి నాలుగు సంపుటాలు పట్టింది.